ఆయమ్మ మోసిన నింద

మా ఆయమ్మ పోయింది. ఆదివారం ప్రార్థనకు రాలేదేమని పక్కింటివాళ్లు తలుపు నెట్టి చూస్తే, గోడ వైపు తిరిగి నిద్రపోతున్నట్టే ఉందట. నారాయణఖేడ్‌లో మా గల్లీ చివర ఒంటి గది ఆమెది. సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు, ఆయమ్మ అంటేనే పలికేది.

రిటైరయ్యాక ఆమె ఇంకో పని పెట్టుకుంది. ఎవరి పిల్లలకైనా జబ్బు ముదిరి పట్నం పెద్ద దవాఖానకు రాసిస్తే, పిలవకముందే సంచి సర్దుకుని బస్టాండులో నిలబడేది. సంచిలో జొన్నరొట్టెలు, పల్లికారం, ఒక దుప్పటి. "కుర్చీల కూసున్నోళ్లను అడగకు బిడ్డా. చీపురు పట్టుకున్నామెను అడుగు, సక్కగ చెప్తది," అనేది. రక్తం ఎక్కడ తీస్తారు, సంతకం ఎవరు పెడతారు, ఏ కిటికీ ఎప్పుడు మూస్తారు, అన్నీ ఊడ్చేవాళ్ల దగ్గరే కనుక్కునేది. ఎంత పెద్ద డాక్టరునైనా, "ఏంది సారూ, పిల్ల ముఖం జూడకుండ కాగితమే జూస్తున్నవ్?" అని కసురుకునేది. నాకైతే అక్కడ భయంతో నోరు పెగిలేది కాదు.

మా పాపకు గుండెలో రంధ్రం. నాలుగేళ్ల పిల్ల, కాస్త నడిస్తే పెదాలు నీలమయ్యేవి. మా ఆయన బొంబాయిలో మేస్త్రీ పనిలో ఉన్నాడు, అత్తమ్మ గడప దాటదు. ఆరు నెలలు నేనూ ఆయమ్మా తిరగ్గా తిరగ్గా చివరికి ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చారు. గుండె స్కాన్ కాగితం తప్పకుండా తేవాలన్నారు.

ఇక నా తెలివి చూడండి. మా దగ్గర విలువైన కాగితమంటే ప్లాస్టిక్ తొడిగించాల్సిందే. రేషన్ కార్డు, పెళ్లి ఫోటో, పదో తరగతి మెమో, ఏదీ వదలం. ఆ స్కాన్ కాగితం పల్చగా, నున్నగా చుట్టుకుపోతుంటే, వానకు తడుస్తుందేమోనని జిరాక్సు దుకాణానికి తీసుకెళ్లి లామినేషన్ చేయించాను. మిషన్ వేడికి కాగితమంతా పెనం అడుగులా నల్లబడి బయటికొచ్చింది. అది వేడి తగలకూడని కాగితమని నాకేం తెలుసు?

ఆ కాగితంతో పోతే ఆపరేషన్ ఆపేశారు. స్కాన్ మళ్లీ తీయాలి, మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

సంగతి తెలిసి మా ఆయన వచ్చాడు. "ఎవలు జేసిండ్రు గీ పని?" అని గల్లీ అంతా వినబడేలా అరిచాడు. నేను నోరు తెరిచేలోపే, గడపలో నిలబడ్డ ఆయమ్మ, "నేనే చేయించిన. కాగితం ఆగమైతదనుకున్న," అంది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"దవాఖానల ఊడ్సుకునేదానివి, నీకెందుకే గీ పెత్తనం?" అన్నాడు మా ఆయన. ఆమె తలవంచుకుని గడప దిగి వెళ్లిపోయింది. చేయించింది నేనని నేను చెప్పలేదు.

ఆపరేషన్ ఆగిన పదకొండో రోజున పాపకు నిమ్ము చేసింది. రెండు రోజుల్లో పోయింది. ఆపరేషన్ అయినా బతికేదని చెప్పలేమని డాక్టరు అన్నాడు గానీ, మా ఆయన ఆ మాట చెవిన పెట్టలేదు. ఆయమ్మ మా గడప తొక్కొద్దన్నాడు. ఆమె తొక్కలేదు. అప్పటినుంచి ఆయమ్మ పోయేదాకా ఆరేళ్లూ నేను నిజం చెప్పలేదు. నేను పిరికిదాన్ని.

నల్లా దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, ఎందుకట్ల చెప్పినవని. "నువ్వు ఆ ఇంట్ల బతకాలె బిడ్డా. నన్ను కోపం జేసెటోళ్లు నా ఇంట్ల ఎవలున్నరు?" అని బిందె ఎత్తుకుంది. జిరాక్సు దుకాణం అతనితో మాత్రం మంచి కొట్లాటే పెట్టుకుందని తర్వాత తెలిసింది. ఇప్పుడతను "దవాఖాన కాగితమా?" అని అడక్కుండా ఏదీ మిషన్‌లో పెట్టడు.

మా పాప ఊసు ఊళ్లో ఎవరూ ఎత్తరు, నేను ఏడుస్తానని భయం. ఆయమ్మ ఒక్కతే, "మన పిల్ల ఉంటే గీ ఏడు ఐదో తరగతిల కూసుంటుండె," అనేది. ఆ మాట కోసమే ఇంట్లో నీళ్లున్నా బిందె పట్టుకుని పోయేదాన్ని. ఇగ ఎవరంటారు?

మట్టి చేసే చోటికి చాలామంది వచ్చారు, చంకల్లో పిల్లలతో. మా ఆయన గేటు బయటే నిలబడ్డాడు. "ఎంత మంచిదైతేంది, నా బిడ్డ కాగితం కరాబు జేసింది," అన్నాడు.

"ఆమె గాదు. నేను జేయించిన," అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. అందరూ వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. దోసిటి నిండా మట్టి తీసి వేశాడు. తర్వాత సమాధికి అటు పక్కన కూర్చున్నాడు. నేను ఇటు పక్కన కూర్చున్నాను. నీళ్లు చల్లిన కొత్త మట్టి మా మధ్య ఇంకా తడిగా ఉంది.