పడవ కడుపులో పాత నీళ్ళు

రెండేళ్ళ కిందట, వానలు బాగా కురిసి రిజర్వాయర్లు నిండిన సంవత్సరం. అనంతపురం శివార్లలో నాకొక ఫైబర్‌గ్లాస్ షెడ్డు ఉంది. పగిలిన నీళ్ళ ట్యాంకులు, కూలర్ డబ్బాలు, బాత్‌రూమ్ తలుపులు, ఇరవై ఏళ్ళుగా నా పని ఇవే. గాజు పీచుతో చేసిన మ్యాట్ అనే గుడ్డను పరిచి, దాని మీద రెసిన్ అనే జిగురు ద్రావకం పూస్తే గట్టిపడి పెంకులా తయారవుతుంది. ఇంతే ఈ విద్య. అలాంటి నా షెడ్డు ముందు ఒకరోజు ట్రాక్టరు ట్రాలీ ఆగింది. దాని మీద ఒక మోటారు పడవ. మా వీధివాళ్ళంతా పని వదిలేసి చూడ్డానికి వచ్చారు.

తెచ్చినాయన పేరు ఓబులేసు. కళ్యాణదుర్గం వైపు ఒక రిజర్వాయరు పక్కన ఆయన పల్లె. నీళ్ళు పెరిగి, పొలాలకు పోయే బండిబాట మునిగిపోయింది. చుట్టూ తిరిగి పోతే సగం పొద్దు దారిలోనే గడిచిపోతుంది. వేరుశనగ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళను అవతలి గట్టుకు దాటించాలని, ఎక్కడో వాడకుండా పడేసిన ఈ పడవను కొన్నాడు.

"ఏం లేదు మస్తానూ, మోటారు తగిలించే చోట చిన్న చీలిక ఉండాది. పైన ఒక పూత వేసి రంగు కొట్టు, చాలు," అన్నాడు.

మోటారు తగిలించే ఆ వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. పైకి కనబడేది ఫైబరే అయినా లోపల చెక్క ఉంటుంది. మోటారు బరువును, అది తోసే బలాన్ని తట్టుకునేది ఆ చెక్కే. సుత్తి పిడితో తట్టి చూశాను. టంగుమనాల్సింది, తడి గోనెసంచిని కొట్టినట్టు మొద్దుగా పలికింది. డ్రిల్లుతో రంధ్రం వేస్తే వాడేసిన టీపొడి లాంటి ముద్ద వచ్చింది. దాని వెనకే నల్లటి నీళ్ళు బొట్లుబొట్లుగా కారాయి.

ఓబులేసు వంగి చూశాడు. "ఏమప్పా ఇది! ఏండ్లకొద్దీ ఎండలో పడుండిన పడవ. యా యేటి నీళ్ళివి?"

నాకూ అదే ఆశ్చర్యం. మట్టే ఎండి బీటలు వారే మా నేల మీద చెక్క నానిపోయి కుళ్ళడమేమిటి? విప్పి చూశాక తెలిసింది. మోటారు మరలు బిగించినవాళ్ళు వాటి రంధ్రాల చుట్టూ సందులు మూయలేదు. ఎప్పటెప్పటి వాననీళ్ళో వాటిలోంచి దిగాయి. లోపలికి పోయిన తడిని ఫైబరు పెంకు మళ్ళీ బయటికి రానివ్వలేదు. బయట ఎంత ఎండ కాసినా లోపల చెక్క చీకట్లో నానుతూనే ఉంది.

బయటి పెంకును అలాగే ఉంచి, లోపలి పొరను గ్రైండరుతో కోసి, కుళ్ళునంతా ఉలితో గీరేశాను. బాగా ఆరాక, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌ను రెండు పలకలుగా అతికించి పైన మ్యాట్ పరిచాను. ఎండవేళ కలిపితే రెసిన్ డబ్బాలోనే పొగలు కక్కి రాయైపోతుంది. అందుకని తెల్లవారగానే పని మొదలుపెట్టేవాణ్ణి. రంగు కూడా వేశాక పడవ కొత్తదానిలా మెరిసింది. నాకు లోలోపల గర్వంగానే ఉండింది.

తీసుకుపోయే రోజు ఓబులేసుతో ఆయన భార్య రామక్క కూడా వచ్చింది. ట్రాలీకి ఎక్కించే ముందు ఆమె పడవలోకి ఎక్కి అటూ ఇటూ నడిచి, మధ్యలో ఆగిపోయింది.

"ఈడ కాలు కిందికి పోతాండాది."

"నీకు అన్నీ అనుమానాలే. దిగు," అన్నాడు ఓబులేసు.

"నువ్వు వెనక మోటారు కాడ కూచుంటావు. ఈడ కూచునేది మేము కదా," అందామె, దిగకుండానే.

నిజం చెప్పాలంటే నాకూ విసుగొచ్చింది. చేసిన పనిని ఒకరు వేలెత్తి చూపితే ఎవరికి నచ్చుతుంది? అయినా ఆమె నిలబడిన చోట నేలలో రంధ్రం వేశాను. మళ్ళీ అదే టీపొడి, అవే నల్లటి నీళ్ళు. నాకు మొహం చెల్లలేదు. నేల కింద ముందునుంచి వెనకదాకా పొడుగ్గా సాగే కొయ్య దూలాలు ఉంటాయి, వాటిని స్ట్రింగర్లు అంటారు. పడవకు వెన్నెముక అవే. ఓబులేసు చూపించిన చోటు తప్ప నేను ఇంకెక్కడా తట్టి చూడలేదు.

"అన్నా, తప్పు నాదే. నేలంతా కోసి తీయల్ల. ఇంకా పదైదు దినాలు పడతాది," అన్నాను.

ఓబులేసుకు కోపం ఆగలేదు. "కలుపు పైరును మింగేస్తాంది! ఊరంతా నా పడవ కోసం చూస్తాండారు. ఇట్లే ఇచ్చెయ్, ఈ ఒక్క పంటకు ఓర్చుకోదా?"

నేను రంధ్రాన్ని వెడల్పు చేసి, స్ట్రింగరు ముక్క ఒకటి పెకలించి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన పిడికిలి బిగించాడు. తడిసిన రొట్టెలా అది వేళ్ళ సందుల్లోంచి జారింది. భార్య వైపు చూశాడు. "కొయ్ అప్పా," అన్నాడు మెల్లగా.

వెన్నెముక తీసేసిన పడవ వంకరపోతుంది. అందుకని కింద ఇసుక బస్తాలు పేర్చి, మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో మట్టం చూసుకుంటూ పాత దూలాలు తీసి కొత్తవి వేశాను. ఒక్కో మర రంధ్రాన్నీ పెద్దది చేసి, రెసిన్‌తో నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్యలో మళ్ళీ తొలిచాను. ఇక మర పక్కనుంచి నీరు దిగినా చెక్కను తాకదు. ఓబులేసు రెండుమూడు రోజులకోసారి వచ్చి, ఉప్పుకాగితం పట్టి రుద్దిపోయేవాడు.

పడవను నీళ్ళలోకి దించిన రోజు నన్నూ పిలిచారు. గట్టు మీదే నిలబడ్డాను. ట్యాంకులతో బతికిన మనిషినే కానీ నాకు ఈత రాదు, అంతవరకు పడవ ఎక్కిందీ లేదు.

"నువ్వు చేసిందాన్లో నువ్వే ఎక్కకపోతే మేమెట్ల ఎక్కేది?" అంది రామక్క. కొడవళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఎక్కక తప్పలేదు. మోటారు ఊపందుకుని పడవ ముక్కు లేచినప్పుడు అంచును రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్ళ కింద నేల మాత్రం కదల్లేదు. అవతలి గట్టున వాళ్ళు దిగి చేలల్లోకి పోయారు. ఆ పంటకు కలుపు కొంత ఆలస్యమైంది, దిగుబడి కూడా కాస్త తగ్గిందట. ఓబులేసు ఆ మాట చెప్పాడు కానీ నిష్ఠూరంగా చెప్పలేదు.

అప్పటిదాకా యజమాని చూపించిన చోట బాగుచేసి పంపడమే పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు షెడ్డుకు ఏ వస్తువు వచ్చినా, దీన్ని రోజూ వాడేది ఎవరని ముందు అడుగుతాను. చాలాసార్లు ఆ మనిషి తెచ్చినవాళ్ళ వెనకే నిలబడి ఉంటారు. ఎక్కడ తేడాగా ఉందో వాళ్ళకు ఎప్పుడో తెలుసు. అంతవరకు వాళ్ళను ఎవరూ అడిగి ఉండరు, అంతే.