వకీలు నేర్పిన నొప్పి

మా వకీలు సాబు పాన్ నములుతూనే నాకు ఏడవడం నేర్పించాడు. "గట్ల కాదు చెల్లె. కొంగు నోటికి అడ్డం పెట్టుకో. చెయ్యి లేపుమంటె సగం దాంక లేపి, అమ్మా అని ఆగిపోవాలె," అనేవాడు. నా కుడిచెయ్యి నిజంగానే సగం దాకే లేచేది. మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఉన్న నొప్పినే నాటకంలా ఆడి చూపించమంటే ఒళ్లు మండిపోయేది.

తెలంగాణ కోసం రోజుకో బందు, రాస్తారోకో జరుగుతున్న కాలం అది. నేను మెదక్‌లో ఉంటూ పాపన్నపేట దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. బస్సుల్లేనప్పుడు షేర్ ఆటోనే దిక్కు. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే ఎదురుగా ఒక లారీ తన పక్క వదిలేసి మా మీదికొచ్చింది. డ్రైవరు ఆటోను పొలంలోకి దించబోయాడు గానీ అప్పటికే తగిలింది. లారీ ఆగలేదు. తల పగిలి రక్తం కారుతున్నా అతనే ఇంకో ఆటో ఆపి నన్ను దవాఖానలో చేర్చాడు.

లారీ నంబరు ఎవరూ చూడలేదు. పోలీసులు దొరికినవాడి మీద, అంటే ఆ డ్రైవరు మీదే, కేసు పెట్టారు. మా వకీలుకు అది కలిసొచ్చింది. "లారీ యాడ దొర్కాలె? ఆటోకు ఇన్సూరెన్సు ఉన్నది, డ్రైవరు తప్పుంటెనే కంపెనీ పైసలిస్తది. గుడ్డిగ తోలిండు, తప్పంత వానిదే అని చెప్పు. పైసలొస్తయి, పట్నం పోయి ఆపరేషన్ చేపిచ్చుకో," అన్నాడు. ఆపరేషన్ లేకపోతే నా చెయ్యి బోర్డు దాకా లేవదు. బోర్డు మీద రాయలేని టీచరును బడివాళ్లు ఎన్నాళ్లు ఉంచుకుంటారు? ఆ మాట చెబితే మాత్రం డ్రైవరు లైసెన్సు పోతుంది, అతని ఇల్లు గడవదు.

అప్పట్లో వకీళ్లు కోర్టు బహిష్కరించి గేటు ముందు టెంటు వేసుకున్నారు. వాయిదా మీద వాయిదా పడేది, నా తాలీము మాత్రం ఆగేది కాదు. మా సాబు టెంటు కింద మైకు పట్టుకుని మన ప్రాంతానికి జరిగిన అన్యాయం మీద గొంతు చించుకునేవాడు. ఆయన చెప్పేదంతా నిజమే. చప్పట్లు కొట్టలేక నేను ఎడమచేత్తో తొడ మీద చరిచేదాన్ని. ఆ చెమట ఆరకముందే రోడ్డవతల ఆఫీసులో కూర్చుని, "నిన్ను దవాఖానకు ఎవరు తీస్కపోయిన్రు?" అని అడిగేవాడు. డ్రైవరే అంటే టేబుల్ మీద గుద్దేవాడు.

"వాడు పారిపోయిండు. తొవ్వల పోయెటోళ్లు తీస్కపోయిన్రు. మల్లొక్కసారి చెప్పు!"

కిటికీలోంచి ఎర్రగా ఉమ్మి, మళ్లీ నా వైపు తిరిగేవాడు. చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఎక్కాలు అప్పజెప్పినట్టు తడబడకుండా వచ్చేసింది. ఇంటికెళ్లి ఎంత పుక్కిలించినా నోరు కంపు కొడుతున్నట్టే ఉండేది.

ఆ డ్రైవరు నన్ను తిట్టినా బాగుండేది. కూరగాయల మార్కెట్ దగ్గర ఎదురుపడి, "నా మీదనే చెప్పుండ్రి టీచరమ్మా. చెయ్యి బాగ చేపిచ్చుకోండ్రి. నాదేమున్నది, కూలికన్న పోత," అన్నాడు. ఇలాంటి మనిషిని ముంచడానికా నేను కొంగు అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంటున్నది? కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

కోర్టు మళ్లీ నడిచాక నా వంతు వచ్చింది. పొద్దున్నే ఇంటి ముందు హారన్ మోగింది. చూస్తే అతని ఆటో. "గా చెయ్యితోటి ఎవ్వని ఆటో ఎక్కుతరు?" అన్నాడు. కోర్టుకు ఇవతలి సందులోనే ఆపి, "వకీల్ సాబ్ చూస్తె మిమ్ముల తిడ్తడు, ఈడనే దిగుండ్రి," అంటూ నా సంచి అందించాడు.

లోపల ఇన్సూరెన్సు కంపెనీ వకీలు లేచి, "ఆటో డ్రైవరు తప్పేం లేదు కదమ్మా? లారీయే వచ్చి గుద్దింది కదా?" అని అడిగాడు. కాదు అనాలి. ఇన్నాళ్ల తాలీమూ ఆ ఒక్క ముక్క కోసమే. మా సాబు కళ్లతోనే కొంగు గుర్తు చేశాడు.

"అవునయ్యా. తప్పు లారీవోనిదే. రక్తం కారుతున్నా గా డ్రైవరే నన్ను దవాఖానల ఏసిండు."

కంపెనీ వకీలు ముఖం వెలిగిపోయింది. నాకు ఆపరేషన్ జరగదని ఖాయమైనందుకు ఆ నవ్వు! నిజం చెప్పిన తృప్తి కూడా దక్కనివ్వలేదు. ఇద్దరు వకీళ్ల మీదా ఒకేలా రోత పుట్టింది. మా సాబు బయటికొచ్చి, "నీ ఖర్మ," అని ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

సందులో ఆటో ఇంకా ఉంది. సంగతి విని అతను తల పట్టుకున్నాడు.

"గింత చెప్పినంక ఎందుకట్ల చేసిండ్రు టీచరమ్మా?"

"నువ్వు ముందుకు చూసి తోలు తమ్మీ. ఇంకోసారి గుద్దితే నిజంగనే నీ మీద చెప్పాల్సొస్తది," అన్నాను.

అతను నవ్వలేదు. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా నడిపాడు. నేను ఎడమచేత్తో రాడ్డు పట్టుకుని కూర్చున్నాను. కుడిచెయ్యి ఈ రోజు దాకా బోర్డుకు అందలేదు.