ఒకే డిపో బండ్లు

మొన్న సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో టీవీలు అమ్మే దుకాణం ముందు కాసేపు నిలబడిపోయాను. అద్దం వెనక గోడంత తెర మీద ఎవరో కార్ల రేసు ఆట ఆడి చూస్తున్నారు. గేరు మారినప్పుడల్లా ఆ రొద కాస్త తగ్గి, మళ్లీ పైకి లేస్తోంది. అప్పుడే వాన వెలిసింది. పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. ఆ కార్ల చప్పుడు వింటే మిగతావాళ్ల కాలు యాక్సిలరేటరు మీదికి పోతుందేమో తెలియదు, నా కాలు మాత్రం బ్రేకు వెతుక్కుంటుంది. ఆ అలవాటు చేసిన మనిషి పేరు కొమురమ్మత్త. మీలో ఎవరూ ఆమెను ఎరిగి ఉండరు. ఒకవేళ పరకాల బస్సులో ఎప్పుడైనా వెళ్లి ఉంటే, "జర లోపలికి జరగండయ్యా, లోపల జాగ ఇల్లంత ఉంది" అని మీ వీపు మీద ఆమె అరిచే ఉంటుంది.

శివనగర్‌లో మా పక్క వాటా ఆమెది. కండక్టరుగా పనిచేసి రిటైరయింది. మెల్లగా మాట్లాడితే వీధి చివరికి, గట్టిగా మాట్లాడితే రైల్వే స్టేషను దాకా వినిపించే గొంతు. బతుకంతా నిలబడి పనిచేసిన మనిషి కనుక కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. మా ఇంటికొచ్చినా తలుపు రెక్క పట్టుకుని గడప దగ్గరే నిలబడి మాట్లాడేది. చుట్టరికం ఏమీ లేదు. అయినా నేను ఆమెకు కోడలిని, మా తమ్ముడు రవి అల్లుడు.

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్లకు, కాళ్లు విరిగినవాళ్లకు మళ్లీ నడక నేర్పడం నా పని. వరంగల్‌లో ఒక ఆసుపత్రి తరఫున పరకాల చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి, ఇళ్ల దగ్గరే వైద్యం చేసేదాన్ని. అందుకోసమే ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాను. ఒక రోజు గూడెప్పాడు దాటాక పత్తి లోడు ట్రాక్టరు ఒకటి చెప్పాపెట్టకుండా అడ్డంగా మళ్లింది. దాన్ని తప్పించబోతే నా కారు రోడ్డు దిగి పొలంలో పల్టీ కొట్టింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, కారూ బాగయింది. కానీ తాళం తిప్పగానే నా కాలు కొయ్యబారిపోయేది. లేవండి, అడుగు వేయండి, ఏమీ కాదు అని లోకానికి ధైర్యం చెప్పిన నోరు నాదే. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా సంగతి. వచ్చే నెల నుంచి పరకాల వైపు వెళ్లకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని ఆసుపత్రివాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆ ఊళ్లలో చాలావాటికి బస్సు లేదు. ఆ పని పోతే నాకు జీతం కంటే ముందు పరువు పోతుందనిపించింది.

"ముందుగాల ఇంట్ల నడుపు అక్కా, తర్వాత రోడ్డు సంగతి చూద్దాం" అని రవి తన వీడియో గేము నాకు అప్పగించాడు. భోజనాల బల్లకు స్టీరింగు బిగించి, కింద పెడళ్లు పెట్టాడు. ఆ ఆటలో ఉన్నవన్నీ ఒకే కంపెనీ కార్లు. తాతల నాటి గుండ్రటి కారు నుంచి నేలను కరుచుకుని పోయే కొత్త కారు దాకా అన్నిటికీ ఒకే ముక్కు, ఒకే ఇంటి పోలిక. నేను కూర్చుని మొదటి మలుపు తిరగకముందే గోడకు గుద్దాను. బొమ్మ కారే. అయినా చెమటతో నా జాకెట్టు తడిసిపోయింది.

సరిగ్గా అప్పుడే పెరుగు తోడుకోసం గిన్నె పట్టుకుని కొమురమ్మత్త వచ్చింది.

"గిదేంది కోడలా, ఇన్ని కార్లు ఒక్కతీరుగనే ఉన్నయ్?"

"అన్నీ ఒక్క కంపెనీవే అత్తా" అన్నాను.

"అంటే ఒక్క డిపో బండ్లన్నట్టు."

"గట్లనే అనుకో అత్తా" అని రవి నవ్వాడు. వాడి కొంప ముంచింది ఆ మాటే.

ఆమె తోడు సంగతి మరిచిపోయి నా ఎడమ పక్కన వచ్చి నిలబడింది. తెర మీద ఎర్ర దీపాలు ఆరిపోయాయి, కార్లన్నీ దూసుకుపోయాయి. నేను పెడల్ తొక్కబోతే నా భుజం మీద చెయ్యి పడింది. "రైట్ అనంగనే పోతవా, అనకముందే పోతవా?" అని గద్దించి, వెనక్కి తిరిగి చూసింది. వెనక మా దేవుడి అలమర, బియ్యం డబ్బా ఉన్నాయి. అక్కడ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక "రైట్, రైట్" అంది. అప్పటికి మిగతా కార్లు కనుచూపు మేరలో లేవు. రవి తల పట్టుకున్నాడు.

"అత్తా, ఇది రేసు!"

"రేసైతే? దిగేటోళ్ల కాలిరిగితే నువ్వు కడ్తవా కట్టు?"

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు భోజనం కాగానే వచ్చేది. ఒకసారి ఎలాగో ముందు కారు వెనక్కి చేరి, పక్కనుంచి దాటబోయాను. "హోల్డాన్!" అని బస్సు ఆపించినట్టు అరిచింది. బల్ల మీది మంచినీళ్ల గ్లాసు నా మోచేయి తగిలి కింద పడింది.

"ఒక్క డిపో బండ్లు ఒకదాన్నొకటి దాటుకుంట పోవుడేంది? జర సిగ్గుండాలె. ముందటి బండి టైమింగ్ ముందటి బండిది, మన టైమింగ్ మనది. దాని ప్యాసింజర్లను మనం గుంజుకుంటమా?"

ఇంకేం చేస్తాను. అందరికంటే వెనక, ఎవరినీ దాటకుండా, పెళ్లి ఊరేగింపులో కారులాగా నడిపాను. అలా నడుపుతుంటేనే మొదటిసారి రోడ్డు పక్కన చెట్లు గీశారని, దూరంగా ఒక కొండ ఉందని చూశాను. ఇంకో రోజు ముందు పోతున్న ఎర్ర కారు మలుపులో గోడకు తగిలి పల్టీ కొట్టింది. నా చేతులు బిగుసుకుపోయాయి. ఆమె మామూలుగానే అంది: "పక్కకు ఆపు. దెబ్బ తాకిందేమో అడుగు."

"ఎవర్ని అడగాలె అత్తా? అది బొమ్మ."

"బొమ్మైతేంది, మన డిపోదే కదా."

ఆపాను. మిగతా కార్లు చుట్టు తిరిగి వచ్చి మమ్మల్ని దాటిపోతూనే ఉన్నాయి. పల్టీ కొట్టిన బొమ్మ కారు పక్కన పరామర్శకు ఆగిన నన్ను చూసుకుని నాకే నవ్వొచ్చింది. స్టీరింగు మీద చేతులుంచి నవ్వడం, ప్రమాదం తర్వాత అదే మొదలు. నువ్వు కూడా ఒకసారి పట్టుకో అత్తా అని స్టీరింగు ఇవ్వబోతే మాత్రం ముట్టుకోలేదు. "నా జాగ నాకుంది, నీ జాగల నేనేం జేస్త" అంది.

ఆసుపత్రివాళ్లు చెప్పిన నెల దగ్గరపడుతోంది. ఇలా అయితే అక్క ఎప్పటికీ రోడ్డెక్కదని రవి గొణిగాడు. వాడన్నదీ నిజమే అనిపించింది. ఒక మధ్యాహ్నం ఆమె రాకముందే నేను ఒక్కదాన్నే కూర్చుని పంతంగా తొక్కాను. ఒకదాని తర్వాత ఒకటి దాటేశాను. ఆఖరి మలుపులో కారు గాల్లోకి లేచి, రేకులు నలిగే చప్పుడుతో తిరగబడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. కొమురమ్మత్త వచ్చి టీవీ కట్టేసింది. మందలించలేదు.

"రేపు పొద్దుగాల నీ బండి తియ్యి. నేనొస్త."

"నాతోని కాదత్తా."

"కాకుంటే మళ్ల తెచ్చి ఈడనే పెడ్దం. వాపస్ వచ్చుడు తప్పా? దినాం అన్ని బండ్లు డిపోకు వాపస్ వస్తలేవా?"

మరుసటి రోజు ఆమె నా పక్క సీట్లో, రవి వెనక కూర్చున్నారు. ఊరు దాటేదాకా నా కళ్లు స్పీడు ముల్లు మీదే ఉన్నాయి. గూడెప్పాడు దాటాం. ఆ పొలం కనబడింది. అప్పటికి అందులో పత్తి తీసేసి మక్కజొన్న వేశారు. నేను కారు పక్కకు తీసి ఆపేశాను. ఆపానంటే, కాలే ఆపేసింది. లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.

"పోనియ్యి అక్కా, ఏం గాదు" అన్నాడు రవి వెనకనుంచి.

"నువ్వు జర ఊకో అల్లుడా. ఇంకా ఎక్కేటోళ్లున్నరు" అంది ఆమె.

నేను అద్దంలో చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. "ఎవరత్తా?"

"నువ్వే బిడ్డా. బండి ఈడిదాక వచ్చింది గని నువ్వింకా ఆ పొలంలనే ఉన్నవ్. రా, నిమ్మళంగ ఎక్కు. మేం ఆగుతం."

అంత గొంతున్న మనిషి ఆ మాట నాకొక్కదానికే వినబడేలా అంది. నేను కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ఆమె ఫికరేమీ లేకుండా కిటికీలోంచి మక్క చేను చూస్తూ, ఈసారి కంకులు బాగానే పడేటట్టున్నాయని రవితో కబుర్లు చెప్పింది. ఏడుపు ఆగాక మొహం తుడుచుకుని "ఎక్కిన అత్తా" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి రోడ్డంతా చూసింది. "రైట్" అంది.

పరకాలలో చాయ్ తాగుతూ, నీకు ఇదంతా ఎట్ల తెలుసని అడిగాను. ఒకసారి ఆమె బస్సు బోల్తా పడిందట. మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు మెట్టు మీద కాలు పెట్టలేక కిందే నిలబడిపోయిందట. "డ్రైవరన్న ఇంజన్ బందు వెట్టి పేపర్ తీసిండు. బస్సు నిండ జనం లొల్లి వెడ్తాన్రు. ఆయన మాత్రం పేపర్ మొత్తం సదివిండు, పెండ్లి ప్రకటనలు సుత" అని నవ్వి, సాసర్లో చాయ్ పోసుకుంది.

నా పని నాకు దక్కింది. కొమురమ్మత్త తర్వాత నెక్కొండలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోయిన ఎండాకాలం అక్కడే నిద్రలో పోయింది. ఫోను వచ్చేసరికి నేను పరకాల దారిలోనే ఉన్నాను. కారు పక్కకు ఆపుకుని తనివితీరా ఏడ్చి, తేరుకున్నాకే కదిలాను.

నిన్న ఒక ఊళ్లో పక్షవాతం వచ్చిన రైతును మొదటిసారి మంచం మీదనుంచి లేపాలి. నడక కర్ర ఆయన చేతిలోనే ఉంది, కాళ్లకు సత్తువ కూడా వచ్చింది. అయినా ఆయన మంచం పట్టె మీద కూర్చుని వాకిలి వైపు చూస్తున్నాడు. కొడుకు "లే బాపూ, మేడంకు ఆలస్యమైతాంది" అంటూ చంకలో చెయ్యి వేసి లేపబోయాడు. నేను ఆ చెయ్యి తీయించాను. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, ఈసారి మిర్చి ఎట్లుందని అడిగాను. కొంతసేపటికి ఆయన కోడలు దగ్గరికొచ్చి మెల్లగా, "ఎవరన్న రావాల్నా మేడం, ఎవరికోసం చూస్తాన్రు?" అని అడిగింది.

"మీ మామ కోసమే" అన్నాను.