సొరకాయ మీద ఫిర్యాదు

రెండువేల అయిదులో గల్ఫ్‌కు పోయి మఫ్రఖ్‌లోని ఒక లేబర్ క్యాంపులో నేను గుమాస్తాని. హాజరు వేయడం, సెలవు కాగితాలు రాయడం, క్యాంపు మేనేజరు చెప్పినదాన్ని ఇంగ్లీషులో పెట్టడం నా పని. ఆయన్ని అందరూ ముదీర్ అనేవారు. ఆయనకు మాట్లాడే ఇంగ్లీషు ఉంది, రాసేది లేదు. చరిత్రలో డిగ్రీ చేసినవాడికి అంతకంటే మంచి ఉద్యోగం దొరుకుతుందనుకోవడం నా వెర్రి.

తన దేశానికి వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు పారేసిన సామానులో నాకొక లావుపాటి పుస్తకం దొరికింది. యూరప్ రాజులను వెక్కిరిస్తూ వేసిన బొమ్మల పుస్తకం. శుక్రవారం బట్టలుతుక్కున్నాక మావాళ్ళు నా మంచం చుట్టూ చేరేవారు. నేను బొమ్మ చూపించి కథ చెప్పేవాణ్ణి. అందరికీ నచ్చింది బేరిపండు రాజు కథ. ఫ్రాన్సులో బుగ్గలు జారిన రాజొకడు ఉండేవాడు. ఒక చిత్రకారుడు కోర్టులో నిలబడి నాలుగు బొమ్మలు వేశాడు. మొదటిది రాజు ముఖం, చివరిది ఉత్త బేరిపండు. ఇందులో ఏది నేరమో చెప్పమన్నాడు. తర్వాత పారిస్ గోడల మీద ఎక్కడ చూసినా ఆ పండే.

"జైల్ల ఎయ్యలేదా సారూ?" అని అడిగాడు మా పెయింటర్.

"వేశారు. అయినా పండు ఆగలేదు."

అతను రెండో మాటే విన్నట్టున్నాడు. జగిత్యాల వైపు మనిషి. హెల్మెట్ల మీద నంబర్లు, బోర్డుల మీద బాణాలు వేసేవాడు. రెండు వారాలు తిరక్కుండా నీళ్ళ ట్యాంకు మీద ఒక సొరకాయ వెలిసింది. ముదీర్ మెడ సన్నం, పొట్ట ఘనం. మొదటి సొరకాయకు మీసం ఉండేది. తర్వాత అదీ అక్కర్లేకపోయింది. బాత్రూం తలుపు మీద, మెస్ గోడ మీద, బస్సు సీటు వెనక ఒక్క గీత చాలు, జనం నవ్వేవారు. పప్పు నీళ్ళలా ఉందని మొత్తుకున్నా వినిపించుకోని ఆ మనిషికి ఆ నెలంతా ఎవరూ భయపడలేదు. నా పాఠం ఫలించిందని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

చెరిపెయ్యమని ముదీర్ పెయింటర్‌కే చెప్పాడు. అతను తెల్లరంగు తీసుకుని గీత దాటకుండా పూశాడు. పాత గోడలు పసుపు. తెల్లారేసరికి క్యాంపు నిండా తెల్లటి సొరకాయలు.

ముదీర్ అందరినీ వరసలో నిలబెట్టాడు. "యే కిస్కా ఫోటో హై? బోలో!"

ఒక ముసలి మేస్త్రీ, "సొరకాయ, సాబ్. సబ్జీ," అన్నాడు ఎంతో వినయంగా.

మధ్యాహ్నం ముదీర్ నా గదికి వచ్చాడు. పెయింటర్ వీసా రద్దు చేయమని ఆఫీసుకు ఉత్తరం రాయాలి, కారణం చూపించాలి. "లిఖో," అని ఆగిపోయాడు. తన బొమ్మ వేశాడని రాయిస్తే తాను సొరకాయలా ఉన్నానని తానే సంతకం పెట్టినట్టు. రెండు కాగితాలు చింపాడు. నేను పెన్ను పట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాను, లోపల మాత్రం నవ్వు ఆగడం లేదు. పెయింటర్ గెలిచాడు. "ఛోడో," అని ముదీర్ లేచాడు కూడా.

ఆయన వాక్యాలు సరిచేయడం నాకు మూడేళ్ళ అలవాటు. అదే కొంప ముంచింది. ఆలోచించకుండానే మాట జారింది.

"కంపెనీ ఆస్తికి నష్టం కలిగించాడని రాస్తే సరిపోతుంది, సాబ్."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "శాబాష్," అన్నాడు. ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను.

వారంలో వీసా రద్దు కాగితం వచ్చింది. పెయింటర్ వచ్చి ఏడాది నిండలేదు, ఆలోపు వీసా రద్దయినవాణ్ణి ఇక ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు. చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చాడు. చెప్పాను.

"బొమ్మ ముచ్చట లేదా సారూ?"

"లేదు."

"గోడ ఖరాబు జేసిన్నని, గంతేనా?"

"అంతే."

కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముదీర్ ఉత్తరాలు రాసేది నేనేనని క్యాంపులో తెలియనివాడు లేడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"మీరు రాసిండ్రని నాకు బాధ లేదు సారూ, అది మీ డ్యూటీ," అన్నాడు. "గీ ఉపాయం గూడ ముదీర్‌కే తోచిందా?"

"ఆయనకే," అన్నాను.