ఆవిరి బండి ఏట్లో నీళ్లు

కంప్యూటర్‌లో రైళ్లు నడిపే ఆట కోసం మన కదిరి పక్క పాత మీటరుగేజి లైను కట్టినా. ఆవిరి ఇంజన్ల కాలానికి సరిపోవాలని కరెంటు స్తంభాలు పీకేసినా, సిమెంటు స్లీపర్లు తీసి కట్టెవి పరిచినా. ఇంజనుకు నీళ్లు పట్టే స్టేషను పెట్టి, పక్కన ఏట్లో నీళ్లు పారించినా.

ఈపొద్దు దాన్ని ఆటగాళ్ల గ్రూపులో పెడితే ఒకాయన రాసినాడు: "అన్నా, రూటు బాగుండాది. ఏట్లో నీళ్లేంది? మ్యాపులో చూడు, అంతా ఇసకే. తప్పు, తీసేయ్."

"అప్పుడు పారేటివప్పా. ఆ ఏటి నీళ్లే స్టేషన్లో ఇంజనుకు పట్టేటోళ్లు, ఆ గొట్టం కిందే మాయమ్మ బిందె నింపుకునేది" అని రాస్తి.

"ఫొటో ఉంటే పెట్టన్నా, నమ్ముతాం."

నీళ్లకు పోయిన ఆడోళ్లను ఎవురన్నా ఫొటో తీస్తారా? ఒళ్లు మండి జవాబు రాస్తాండగానే వీధిలో ట్యాంకరు హారన్ కొట్టె. అంతా అట్లే వదిలేసి బిందెలెత్తుకొని ఉరికినా.

తిరిగొచ్చి చూస్తే ఆయన మాటకే అందురూ వంత పాడినారు. బొగ్గు బండి నడిచిందంటే నమ్మినోళ్లు, మా ఏట్లో నీళ్లు పారినాయంటే నమ్మలేదు.

మీరే చెప్పండప్పా, ఆటలో గూడా ఏరు ఎండబెట్టల్నా?