ఆదెమ్మ బాణలి, లారెన్స్ దొర బ్యాండు

యుద్ధం వచ్చి నూలు కరువైంది. బెజవాడ వన్ టౌన్‌లో మార్కండేయులు మగ్గం మూలపడింది. అతని భార్య ఆదెమ్మ కొన్నాళ్ళు ఓపిక పట్టి చూసింది. తర్వాత కొంగు బిగించి గవర్నర్‌పేటలో లారెన్స్ దొర బారుకు వెళ్ళి వంటపనిలో చేరింది.

లారెన్స్ ఆంగ్లో ఇండియన్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. సాక్సాఫోన్ అంటే ప్రాణం పెట్టేవాడు. తనతో పాటు రైల్వేలో పనిచేసిన వాళ్ళను కూడగట్టి, పియానో, ట్రంపెట్, డ్రమ్ములతో సాయంత్రం పూట జాజ్ వాయించేవాడు. రైలు దిగిన సోల్జర్లు, మిల్లు షావుకార్లు, ప్లీడర్లు విస్కీ తాగుతూ వినేవారు.

మగ్గాల పేటలో గుసగుసలు బయల్దేరాయి. కులపెద్ద కోటిలింగం ఇంటికే వచ్చాడు.

"బ్రాందీ కొట్లో ఆడకూతురు వంట చేయడమేంటయ్యా, మార్కండేయులూ?"

"నూలిప్పించండి బాబాయ్. రేపే మానిపిస్తా," అన్నాడు మార్కండేయులు.

కోటిలింగం కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆదెమ్మ చెయ్యి పడ్డాక బారు వాసనే మారిపోయింది. కృష్ణా రొయ్యల్ని అల్లం, పచ్చిమిర్చి నూరి దట్టించి, కరివేపాకుతో ఎర్రగా వేయించేది. కొరమీను ముక్కలు పళ్ళెంలో పడీ పడకముందే మాయమయ్యేవి. గ్లాసు పక్కన పెట్టి మరీ, ముందు పళ్ళెం తెమ్మని కేకలేసేవారు.

యుద్ధం ముగిసింది. స్వాతంత్ర్యం వచ్చింది. ఆ వెనకే మద్యనిషేధమూ వచ్చింది. లారెన్స్ సీసాలన్నీ సర్కారుకు అప్పజెప్పి, బ్యాండు వాళ్ళనీ ఆదెమ్మనీ పిలిచాడు.

"అయిపోయింది ఆదెమ్మా. కొట్టు మూసేస్తాను. మద్రాసు పోతాను."

"సీసాలు పోతే పొయ్యి కూడా పోయినట్టేనా దొరా?"

"విస్కీ లేకుండా జాజ్ ఎవరు వింటారు?"

"పెళ్ళిలో సన్నాయి ఏం తాగి వింటున్నారండీ జనం? ఒక్క ఆదివారం నాకు వదిలెయ్యండి. మీరు వాయించండి, నేను వండుతా. ఎవరూ రాకపోతే పెట్టె సర్దుకోండి."

ట్రంపెట్ వాయించే ముసలాయన పకపకా నవ్వాడు. లారెన్స్ నవ్వలేదు. సరేనన్నాడు.

ఆదివారం పొద్దెక్కింది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వీధిన పోయేవాళ్ళు మాత్రం అటు చూసి, తప్పుకుని పోతున్నారు. ఎంతైనా నిన్నమొన్నటి సారా కొట్టు! బ్యాండు ఖాళీ కుర్చీలకు వాయిస్తోంది. లారెన్స్ మొహం వాడిపోయింది. ఆదెమ్మ మాత్రం ఒక్కసారి వీధికేసి చూసింది.

"ఏమయ్యా, ఇలా పట్టు," అని ఆ రోజు సాయానికి వచ్చిన మొగుణ్ణి పిలిచింది. ఇద్దరూ కలిసి పొయ్యినీ బాణలినీ వీధి అరుగు మీదికి మోశారు. "దొరా, మీరూ బయటికి రండి. లోపల కూర్చుంటే ఏం చేస్తున్నారో లోకానికేం తెలుస్తుంది?"

పియానో కదలదు కాబట్టి కిటికీలన్నీ తీశారు. మిగతా వాళ్ళు అరుగెక్కారు. నూనె కాగింది. రొయ్యలు చుయ్‌మన్నాయి. సాక్సాఫోన్ ఒక్కసారి గొంతెత్తింది. రిక్షాలు ఆగాయి. సైకిళ్ళు ఆగాయి. చూస్తుండగానే రోడ్డు నిండిపోయింది. అయినా గడప దాటే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడు బడిపంతులమ్మ హైమవతి, అత్తగారి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది.

"ఆడవాళ్ళం లోపలికి రావచ్చాండీ?"

"మీరు రాకపోతే ఇంకెవరమ్మా వచ్చేది?" అంది ఆదెమ్మ.

"మాకు నీచు పనికిరాదు."

"పెసర పునుకులు వేరే పొయ్యి మీద వేయిస్తున్నా. అల్లప్పచ్చడి కూడా ఉంది. రండి తల్లీ."

అత్తాకోడళ్ళు వెళ్ళి పియానో పక్కనే కూర్చున్నారు. అంతే, గట్టు తెగిన కాలవలా జనం లోపలికి వచ్చి పడ్డారు. భార్యల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని సంసారులు ఆ కొట్టులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. మధ్యాహ్నానికి రొయ్యలు నిండుకున్నాయి. కొరమీనుకు మార్కండేయులు చేపల బజారుకు పరుగెత్తాడు. లారెన్స్ చెమటలు కక్కుతూ, కళ్ళు మూసుకుని, అడిగినవాళ్ళకల్లా అడిగినన్ని సార్లు వాయించాడు.

ఆయన మద్రాసు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఎండాకాలానికల్లా ఇబ్రహీంపట్నం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు. పాత బోర్డు దింపేసి కొత్తది రాయించబోయారు.

"ఏం పేరు రాయమంటారు?" అనడిగాడు పెయింటరు.

"ఆదెమ్మ హోటల్," అన్నాడు లారెన్స్ తడుముకోకుండా.

ఆదెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చింది. సుద్దతో గీసిన అక్షరాల్ని తలెత్తి చూసింది.

"ఇంత చిన్నవేంటి నాయనా? పెద్దవి రాయి. రోడ్డు అవతలికి కనపడాలి."