నూనె పూసిన వెనక టైరు

డోన్ శివార్లలో ఫ్యాక్టరీల కోసం వేసిన కొత్త రోడ్డును ఆ ఆదివారం బైకు పందేలకు మూసేశారు. రెండు వైపులా ఇసుక బస్తాలు, వాటి వెనక తాడు, తాడు వెనక జనం. ముందు ఒంటరిగా ఒక ట్రయల్, తర్వాత ఇద్దరిద్దరికీ పోటీ. జతలో ముందు గీత దాటినవాళ్లు ఫైనల్‌కు పోతారు.

తనూజకు కావలసింది ఆ ఫైనలే. పాల శీతల కేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం ఆమెది. బియ్యెస్సీ చదివింది, ఇంట్లో రెండేళ్ల పాప. రోజూ పల్లెలు తిరిగే బండితోనే పందేనికి దిగుతుంది. పోయిన ఏడాది ఆవేశంగా క్లచ్ వదిలితే వెనక చక్రం గిర్రున తిరిగి బండి పక్క గీతలోకి పోయింది. అంతటితో బయటికి పంపేశారు. అప్పటినుంచి తెల్లవారుజామున ఇదే రోడ్డు మీద సాధన చేస్తోంది. మీగడ చెదరకుండా పాలు వంచినంత నెమ్మదిగా క్లచ్ వదలడం ఇప్పుడు ఆమె చేతికి వచ్చింది.

నంబరు తెచ్చుకోవడానికి పోయి వచ్చేసరికి బండి పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో ముస్తాబై ఉంది. పాపను చూసుకోవడానికి కోసిగి నుంచి వచ్చిన తల్లి సుబ్బలక్ష్మమ్మ పూజ సంచి సర్దుకుంటోంది. వెనక టైరు కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది.

"ఎంత బాగ కడిగినావు మా!" అని తనూజ మురిసిపోయి, హెల్మెట్ పెట్టుకుని, దండ తీసి పక్కన పెట్టి ట్రయల్ కోసం గీత దగ్గరికి పోయింది.

జెండా ఊపారు. క్లచ్ ఎంత మెల్లగా వదిలినా వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగింది. బండి తోక అటూ ఇటూ ఊపింది. తనూజ యాక్సిలరేటర్ తగ్గించి ఎలాగో నిలదొక్కుకుంది. తాడు వెనక ఎవరో ఈల వేశారు.

"ఏమక్కా, నిలబడే తిరగలి విసురుతాండావా?" అన్నాడు పక్కనే ఉన్న నిస్సార్. జతలో ఆమెతో తలపడవలసింది అతనే.

ఏడాది సాధన ఏమైపోయింది? తనూజ దిగి టైరు మీద చేయి వేసింది. వేళ్లు జారాయి. వాసన చూసింది.

"అమ్మా! టైరుకు ఏం పూసినావు?"

"బుడ్డల నూనె," అంది సుబ్బలక్ష్మమ్మ, సంచిలోని వేరుశనగ నూనె సీసా చూపించి. "ఇదే. దీపానికని తెచ్చినా. టైరు తెల్లగ బూడిదబారి ఉండె, సూడలేక పూసినా. ముందుదానికి సాల్లేదు లే."

పాపను ఎత్తుకుని పరుగున వచ్చిన భర్త భూపేష్ నోరు తెరిచాడు. "అత్తా! పట్టు దొరకాల్సిన టైరది! నూనె పూస్తే యాడ నిలబడ్తాది?"

"నాకేం తెల్సప్పా? పెండ్లికూతురికి పూయమా?"

నిస్సార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "రోంత ఆవాలు కూడా ఏసుంటే తాళింపు అయితాండె అవ్వా!"

తనూజకు కూడా నవ్వు ఆగలేదు. కానీ జతల పోటీకి పిలుపు రాబోతోంది. సుబ్బలక్ష్మమ్మ అప్పటికే టీ బండి దగ్గరికి పోయి, పొయ్యిలోని చల్లారిన బూడిద, ఒక బట్టల సబ్బు, పీచు పట్టుకొచ్చింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి కూర్చుంది. భూపేష్ ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో చక్రం తిప్పుతుంటే, ఆమె జిడ్డు బాన తోమినట్టు తోమింది. తనూజ మూడుసార్లు నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, మళ్లీ వాసన చూసింది. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. గాలి కొంచెం తీసింది. మెత్తబడిన టైరు నేలను ఇంకాస్త ఎక్కువగా అంటుకుంటుంది.

"తిప్పి వేడి చెయ్యక్కా, మిగిలిన జిడ్డు కూడా పోతాది," అన్నాడు నిస్సార్.

"గెలిచేది నేనప్పా, సలహాలు నువ్విస్తాండావా?"

"నూనె టైరును గెలిస్తే నాకేం పేరొస్తాదక్కా?"

ముందు బ్రేకు గట్టిగా పట్టి ఆమె వెనక చక్రాన్ని తిప్పింది. తెల్లటి పొగ లేచింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. దిగి చేయి దగ్గరగా పెట్టి చూసుకుంది, వెచ్చగా ఉంది.

ఈసారి జెండా లేవగానే బండి జారలేదు. వెనక ఎవరో పట్టి తోసినట్టు ముందుకు ఉరికింది. పక్కన నిస్సార్ బండి శబ్దం సమానంగా వస్తూనే ఉంది. తనూజ ట్యాంకు మీదికి వంగి, గేర్లు మారుస్తూ, గీత తప్ప ఇంకేమీ చూడలేదు. ముందు చక్రమంత తేడాతో ఆమె గీత దాటింది.

మైకులో ఆమె పేరు వినబడగానే భూపేష్ అరిచిన అరుపుకు పాప జడుసుకుని ఏడుపు అందుకుంది. వెనక్కి తిరిగి వచ్చిన తనూజ హెల్మెట్ తీస్తే నవ్వు చెవుల దాకా ఉంది. నిస్సార్ వచ్చి చెయ్యి కలిపాడు.

"అయిపోయినట్లేనా? ఇంగ ఇంటికి పోదామా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"యాడికి మా? ఫైనల్ ఉండాది!"

సుబ్బలక్ష్మమ్మ మసి చేతులు కొంగుకు తుడుచుకుని, పాపను భూపేష్ చంకలోంచి లాక్కుంది. జనాన్ని మోచేత్తో నెట్టుకుంటూ తాడు దగ్గరికి చేరింది.

"రోంత జరుగప్పా," అంది ముందు నిలబడ్డ పెద్దమనిషితో. "ఇప్పుడొచ్చేది నా కూతురు."